పాఠకుల ప్రశ్నలు: సెక్రటేరియట్ వెనుక పరుగెత్తిన షామ్

గత నెల ఈ శీర్షికలో అమెరికా పందెపు గుర్రం సెక్రటేరియట్ గురించి ఒక పాఠకురాలికి జవాబు రాస్తూ, 1973లో దాని వెనుక రెండో స్థానంలో నిలిచిన షామ్ అనే గుర్రం మరో ఏడాది పుట్టి ఉంటే డెర్బీ విజేతగా మిగిలి ఉండేదని ఒక వాక్యం చేర్చాను. ఆ ఒక్క వాక్యాన్ని ఒప్పుకోనివారు, ఆ గుర్రం గురించి ఇంకా తెలుసుకోవాలనుకున్నవారు రాసిన ఉత్తరాలే ఈసారి ఎక్కువగా వచ్చాయి. అందుచేత ఈ నెల శీర్షికను పూర్తిగా షామ్‌కే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారు మలక్‌పేట రేసులకు క్రమం తప్పకుండా వెళ్ళేవారు. ఆయన నోట సెక్రటేరియట్ పేరు ఎన్నోసార్లు విన్నాను గాని షామ్ పేరు ఎన్నడూ వినలేదు. 1973 బెల్మాంట్ స్టేక్స్ ఫలితాలు చూస్తే పరుగెత్తిన ఐదు గుర్రాలలో షామ్ ఐదోది. చిట్టచివర వచ్చిన గుర్రాన్ని మీరు ఇంతగా మెచ్చుకోవడం సబబేనా?
(సికింద్రాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: బెల్మాంట్ ఫలితాల పట్టిక ఒక్కటే చూసినవారు మీలాగే అనుకోవడం సహజం. ఆ పట్టిక షామ్ కథకు ఆఖరి పుట మాత్రమే కాబట్టి, దానికి ముందున్న పుటలను మీ ముందుంచడం నా బాధ్యత.

షామ్ 1970 ఏప్రిల్ 9న కెంటకీ రాష్ట్రంలో, పారిస్ అనే చిన్న పట్టణం దగ్గర ఉన్న క్లైబోర్న్ ఫార్మ్‌లో పుట్టింది. అంతకు సరిగ్గా పది రోజుల ముందు, మార్చి 30న, సెక్రటేరియట్ వర్జీనియాలో పుట్టింది. షామ్ తండ్రి ప్రెటెన్స్ 1967లో శాంటా అనీటా హ్యాండిక్యాప్ గెలిచిన గుర్రం. తల్లి సెక్వోయా, దూరపు పందేలకు కావలసిన ఓపికను సంతానానికి ఇస్తుందని పేరుపడిన ప్రిన్స్‌క్విల్లోకు కూతురు. సెక్రటేరియట్ తల్లి సమ్‌థింగ్‌రాయల్ కూడా ప్రిన్స్‌క్విల్లో కూతురే కావడం వల్ల, ఆ ఏడాది ప్రత్యర్థులుగా నిలిచిన ఈ రెండు గుర్రాలకూ మాతామహుడు ఒక్కటే అయింది.

క్లైబోర్న్ యజమాని ఆర్థర్ హాన్‌కాక్ 1972 సెప్టెంబరులో కన్నుమూయకపోతే షామ్ ఆ సంస్థ రంగులలోనే పరుగెత్తేది. ఆయన మరణానంతరం పందేలలో ఉన్న గుర్రాలను అమ్మివేశారు. అప్పటికి ఒక్క పందెం కూడా గెలవని షామ్‌ను న్యూయార్క్‌కు చెందిన సిగ్మండ్ సోమర్ 2 లక్షల డాలర్లకు కొన్నాడు. క్యూబాలో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన ఫ్రాంక్ మార్టిన్ దానికి ట్రైనర్ అయ్యాడు. ఆ డిసెంబరులో తొలి గెలుపు దక్కింది. 1973 ఆరంభంలో కాలిఫోర్నియాకు తీసుకువెళ్ళగా అక్కడ శాంటా అనీటా డెర్బీలో ఒక మైలు, దానిపై ఒక ఫర్లాంగు (మైలులో ఎనిమిదో వంతు) దూరాన్ని 1 నిమిషం 47 సెకన్లలో ముగించి, ఆ పందెపు రికార్డును సమం చేసింది. అంటే సెక్రటేరియట్ ఎదురుపడేనాటికే షామ్ తన కాళ్ళతో తన స్థాయిని చూపించింది.

ఇక మే 5న లూయివిల్‌లో జరిగిన కెంటకీ డెర్బీ. పదమూడు గుర్రాలు దిగాయి. పరుగు మొదలయ్యే చోటే షామ్ తల ఇనుప గేటుకు కొట్టుకుని రెండు పళ్ళు దెబ్బతిన్నాయి. నోట రక్తం కారుతూనే అది పరుగు మొదలుపెట్టింది. షెకీ గ్రీన్ అనే వేగపు గుర్రం ముందు నడవగా, పనామాకు చెందిన జాకీ లఫిట్ పింకే షామ్‌ను దాని వెన్నంటి నడిపించి, ఆఖరి మలుపు దగ్గర ముందుకు తెచ్చాడు. ఆ క్షణాన మరే ఏడాదైనా పందెం ముగిసిపోయినట్టే. అయితే మొదట అందరికన్నా వెనుక ఉన్న సెక్రటేరియట్, ప్రతి పావు మైలునూ అంతకు ముందు పావు మైలు కన్నా వేగంగా పరుగెత్తుతూ వచ్చి, ఆఖరి పావు మైలును 23 సెకన్లలో ముగించి, రెండున్నర లెంగ్త్‌ల (లెంగ్త్ అంటే ఒక గుర్రం నిడివి) తేడాతో షామ్‌ను దాటింది. మైలుంపావు దూరానికి దాని కాలం 1 నిమిషం 59.4 సెకన్లు. అంతకు ముందు రికార్డు 1964లో నార్దర్న్ డ్యాన్సర్ నెలకొల్పిన సరిగ్గా రెండు నిమిషాలు.

రెండు వారాల తరువాత, మే 19న బాల్టిమోర్‌లో ప్రీక్‌నెస్ స్టేక్స్. అక్కడా సెక్రటేరియట్ మొదట, రెండున్నర లెంగ్త్‌ల వెనుక షామ్. ఆ రెండు పందేలలోనూ మూడో స్థానంలో వచ్చినది అవర్ నేటివ్ అనే మంచి గుర్రం. అది షామ్‌కు ఎంత వెనుక ఉందో చూడండి: డెర్బీలో ఎనిమిది లెంగ్త్‌లు, ప్రీక్‌నెస్‌లోనూ ఎనిమిది లెంగ్త్‌లు. నా అభిప్రాయానికి మూలం ఈ అంకెలే. రెండో గుర్రానికీ మూడో గుర్రానికీ నడుమ ఉన్న ఎడం, మొదటి రెండు గుర్రాల నడుమ ఉన్న ఎడానికి మూడింతలకు పైగా ఉంటే, ఆ రెండో గుర్రాన్ని మిగిలినవాటి సరసన కూర్చోబెట్టి చూడడం తగదు. అది విజేత తరగతికి చెందిన గుర్రం. ఆ తరగతిలో ఆ ఏడాది రెండే ఉన్నాయి.

ప్రశ్న: ఈ గుర్రం పేరు మన శ్యామ్‌యేనా? ఒళ్ళు నలుపు కనుక పెట్టారా?
(రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: కాదమ్మా. ముదురు గోధుమ రంగు గుర్రమే గాని, పేరు ఇంగ్లీషు మాట. దానికి బూటకం, నటన అని అర్థం. తండ్రి పేరు ప్రెటెన్స్‌కు కూడా దాదాపు అదే అర్థం. పందెపు గుర్రాలకు తల్లిదండ్రుల పేర్లను గుర్తుచేసే పేర్లు పెట్టే అలవాటు మన దేశంలోనూ ఉంది. బూటకం అన్న పేరు ఇంత నిజాయితీగా పరుగెత్తిన గుర్రానికి వచ్చిందే అని నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ప్రశ్న: నేను లెక్కల ఉపాధ్యాయుడిని. పందెంలో విజేత కాలాన్ని మాత్రమే అధికారికంగా నమోదు చేసేవారని చదివాను. అలాంటప్పుడు షామ్ కూడా పాత డెర్బీ రికార్డును దాటిందని ఎలా చెప్పగలరు? లెంగ్త్ అనే కొలత ఎంత నమ్మదగినది?
(గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీరు అడిగినది ఈ నెల వచ్చిన ప్రశ్నలలో అన్నింటికన్నా కీలకమైనది కాబట్టి కొంచెం విపులంగా రాస్తాను. లెంగ్త్ అంటే ముక్కు నుంచి తోక మొదలు దాకా ఒక గుర్రం నిడివి. దీన్ని సాధారణంగా ఎనిమిది అడుగులుగా, అంటే సుమారు 2.4 మీటర్లుగా లెక్కిస్తారు. రెండున్నర లెంగ్త్‌లంటే సుమారు ఆరు మీటర్లు. ఆ డెర్బీ ఆఖరి పావు మైలును, అంటే సుమారు 402 మీటర్లను, సెక్రటేరియట్ 23 సెకన్లలో దాటింది; సెకనుకు పదిహేడున్నర మీటర్ల వేగం. షామ్ వేగం అంతకన్నా కొంచెం తక్కువ గనుక సెకనుకు 17 మీటర్లు అనుకుందాం. ఆరు మీటర్లు దాటడానికి దానికి పట్టేది 0.35 సెకను. దీన్ని 59.4కు కలిపితే 1 నిమిషం 59.75 సెకన్లు వస్తుంది. ఒక లెంగ్త్‌కు సెకనులో ఐదో వంతు చొప్పున కలిపే పాత పందెపు లెక్క వాడినా 59.9 దాటదు.

ఇందులో ఒక చిక్కు ఉంది, మీరు అడగకపోయినా చెప్పాలి. ఆ రోజులలో కాలాన్ని సెకనులో ఐదో వంతుల చొప్పున రాసేవారు. కనుక విజేత కాలంలోనే 0.2 సెకను దాకా అటూ ఇటూ అయ్యే అవకాశం ఉంది. ఆ కారణంగా షామ్ కాలాన్ని పందెపు చరిత్రకారులు సాధారణంగా 1 నిమిషం 59.8 అని రాసినా, నేను దాన్ని అంచనాగానే తీసుకుంటాను. 2024 నాటికి నూటయాభై సార్లు జరిగిన కెంటకీ డెర్బీని అధికారికంగా రెండు నిమిషాల లోపు ముగించిన గుర్రాలు రెండే: సెక్రటేరియట్, 2001లో 1 నిమిషం 59.97 సెకన్లలో గెలిచిన మోనార్కోస్. మోనార్కోస్, షామ్‌ల మధ్య సెకనులో ఐదో వంతు పాటి తేడా మీద తీర్పు చెప్పే సాహసం చేయను. కాని ఆ మధ్యాహ్నం షామ్ పాత రికార్డును దాటిందనడంలో నాకు సందేహం లేదు.

ట్రిపుల్ క్రౌన్, అంటే కెంటకీ డెర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్ మూడింటినీ ఒకే ఏడాది గెలిచిన ఇతర గుర్రాల డెర్బీ కాలాలు చూస్తే ఈ అంకె విలువ తెలుస్తుంది. 1977లో సియాటిల్ స్లూకు 2 నిమిషాల 2.2 సెకన్లు, 1978లో అఫర్మ్‌డ్‌కు 2 నిమిషాల 1.2 సెకన్లు, 2015లో అమెరికన్ ఫారోకు 2 నిమిషాల 3.02 సెకన్లు పట్టాయి. నేల తడి, గాలి, పందెం నడిచిన తీరు ఏటేటా మారతాయి గనుక కేవలం గడియారాన్ని బట్టి షామ్ వీటన్నిటినీ ఓడించేదని అనలేము. 1973లో చర్చిల్ డౌన్స్ నేల వేగానికి అనువుగా ఉండింది. ఆ మినహాయింపు ఇచ్చిన తరువాత కూడా మిగిలేది చిన్న తేడా కాదు.

హైదరాబాద్‌లో జరిగే డెక్కన్ డెర్బీ దూరం 2000 మీటర్లు, కెంటకీ డెర్బీ దూరం సుమారు 2012 మీటర్లు. దూరాలు ఇంత దగ్గరగా ఉన్నాయి గదా అని మన కాలాలను వాటితో పోల్చకూడదు. మన పందేలు పచ్చిక మీద జరుగుతాయి, ఆ మూడు అమెరికా పందేలూ మట్టి నేల మీద జరుగుతాయి.

ప్రీక్‌నెస్ గడియారం కథ ఇంకా వింతైనది. ఆ రోజు మైదానంలోని విద్యుత్ గడియారం సెక్రటేరియట్‌కు 1 నిమిషం 55 సెకన్లు చూపింది. అది తప్పని గ్రహించి, మైదానం తరఫున చేతి గడియారంతో లెక్కించినవారి 1 నిమిషం 54.4 సెకన్లను అధికారిక కాలంగా ప్రకటించారు. పందేల దినపత్రిక తరఫున కొలిచినవారు మాత్రం 53.4 అన్నారు. ఈ తగవు ముప్పై తొమ్మిదేళ్ళు నడిచి, 2012లో పాత చిత్రాలను పరిశీలించిన మేరీలాండ్ రేసింగ్ కమిషన్ ఆ కాలాన్ని 1 నిమిషం 53 సెకన్లుగా సరిదిద్దింది. పత్రికలు ఆ వార్తను సెక్రటేరియట్‌కు దక్కిన న్యాయంగా రాశాయి. అదే లెక్కన 1971లో కెనొనేరో నెలకొల్పిన 1 నిమిషం 54 సెకన్ల రికార్డును షామ్ కూడా ఆ రోజు దాటింది. రెండు వారాల వ్యవధిలో రెండు పెద్ద పందేలలో పాత రికార్డులను దాటి, రెండింటిలోనూ ఓడిపోయిన గుర్రం నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

ప్రశ్న: నేను చాలా ఏళ్ళుగా అమెరికాలో ఉంటున్నాను. షామ్ ఒకసారి సెక్రటేరియట్‌ను ఓడించిందని ఇక్కడి మిత్రుడు ఒకరు అంటారు. ట్రిపుల్ క్రౌన్ గెలిచిన ఏడాదిలో అది ఎలా సాధ్యం?
(న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ మిత్రుడు చెప్పినది నిజమే. డెర్బీకి రెండు వారాల ముందు, ఏప్రిల్ 21న, న్యూయార్క్‌లోని అక్విడక్ట్ మైదానంలో వుడ్ మెమోరియల్ జరిగింది. సెక్రటేరియట్, షామ్ మొదటిసారి కలిసినది అక్కడే. ఆ రోజు షామ్ మీద జాకీ హోర్హే వెలాస్క్వెజ్ ఉన్నాడు. అందరి కళ్ళూ ఈ రెండింటి మీదే ఉండగా, సెక్రటేరియట్ ట్రైనర్ లూసియన్ లారిన్ దగ్గరే ఉన్న ఆంగిల్ లైట్ అనే మరో గుర్రం ముందుకు వెళ్ళి, తనకు అనువైన నెమ్మది వేగంతో పందేన్ని నడిపించి, షామ్‌ను తల తేడాతో ఓడించింది. సెక్రటేరియట్ వాటికి నాలుగు లెంగ్త్‌ల వెనుక మూడో స్థానంలో వచ్చింది.

అయితే ఆ ఫలితాన్ని షామ్ పక్షాన వాదించడానికి నేను వాడను. సెక్రటేరియట్ పై పెదవి లోపల ఆ రోజున చీముగడ్డ ఉంది. కళ్ళెం లాగినప్పుడల్లా నొప్పి పెట్టి ఉంటుంది. బాగాలేని గుర్రాన్ని ఓడించడం గొప్ప కాదు. షామ్‌కు ఆ గెలుపు అవసరం కూడా లేదు. దాని విలువ తెలిసేది సెక్రటేరియట్ సంపూర్ణ ఆరోగ్యంతో పరుగెత్తిన డెర్బీలోనూ ప్రీక్‌నెస్‌లోనూ.

ప్రశ్న: సెక్రటేరియట్ మీద తీసిన ఒక ఇంగ్లీషు సినిమాలో షామ్ ట్రైనర్‌ను గొప్పలు చెప్పుకునే గర్విష్ఠిగా చూపించారు. వాస్తవంగా ఆయన అలాంటివాడేనా?
(విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: తన గుర్రం మీద నమ్మకాన్ని ఫ్రాంక్ మార్టిన్ దాచుకోలేదు, పత్రికలవారి ముందు గట్టిగానే మాట్లాడాడు. లారిన్‌తో ఆయన మాటల యుద్ధం ఆ వసంతంలో పత్రికలకు మంచి మేత అయింది. వుడ్ మెమోరియల్‌లో ఆయన షామ్‌తో పాటు మరో రెండు గుర్రాలను కూడా దింపబోగా, అవి సెక్రటేరియట్ దారికి అడ్డుపడడానికేనన్న అనుమానం ప్రచారంలోకి వచ్చింది. దానికి ఆయన ఇచ్చిన సమాధానం ఆ రెండింటినీ పోటీ నుంచి తప్పించి షామ్‌ను ఒంటరిగా దింపడం. నిందను మాటతో కాక పనితో తోసిపుచ్చిన మనిషిని గర్విష్ఠి అని ఒక్క ముక్కలో తేల్చడం నాకు ఇష్టం లేదు. న్యూయార్క్ మైదానాలలో 1973 నుంచి 1982 దాకా వరుసగా పదేళ్ళు అగ్రస్థానంలో నిలిచిన ట్రైనర్ ఆయన. 1981లో ఆయనకు అమెరికా రేసింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు.

ప్రశ్న: షామ్‌ను నేను కర్ణుడితో పోల్చుకుంటాను. అర్జునుడు లేకపోతే లోకంలో మొనగాడు అతడే గదా. మీరేమంటారు?
(తెనాలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పోలిక వినడానికి అందంగానే ఉంది గాని నేను అంగీకరించలేను. కర్ణుడి ఓటమి వెనుక శాపాలున్నాయి, కుంగిన రథచక్రం ఉంది, అతడికి జరిగిన అన్యాయం ఉంది. షామ్‌కు ఎవరూ అన్యాయం చేయలేదు. తాడిదన్నేవాడి తలదన్నేవాడు ఎదురయ్యాడు, అంతే. గేటు దగ్గర తగిలిన దెబ్బను కూడా ఓటమికి కారణంగా నేను చెప్పను. దెబ్బతిన్న నోటితోనే అది తన జీవితంలో అత్యుత్తమమైన పరుగు పరుగెత్తింది.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్ళకు పైగా గుర్రాల దగ్గర సైసుగా పనిచేశాను. బెల్మాంట్‌లో దాన్ని అంత జోరుగా ముందుకు తోలకుండా ఉంటే రెండో స్థానమైనా దక్కేది కదా? ఆ పందెంలోనే దాని కాలు విరిగిందా? తరువాత ఏమైందో కూడా చెప్పగలరు.
(హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: గుర్రాన్ని చేతులతో సాకినవారు అడగవలసిన ప్రశ్నే అడిగారు. వరుసక్రమంలో చెబుతాను.

జూన్ 9 నాటి బెల్మాంట్ స్టేక్స్ దూరం మైలున్నర, అంటే మన ఇండియన్ డెర్బీకి ఇంచుమించు సమానం. ఐదు గుర్రాలే దిగాయి. డెర్బీలోనూ ప్రీక్‌నెస్‌లోనూ సెక్రటేరియట్ తన ఇష్టం వచ్చిన చోట వేగం పెంచి దాటిపోయింది గనుక, ఈసారి దానికి మొదటి నుంచే ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వకూడదని మార్టిన్ నిశ్చయించాడు. షామ్‌ను ఆరంభం నుంచే దాని పక్కన నడిపించమని పింకేకు చెప్పాడు. రెండు గుర్రాలూ మొదటి మలుపులో మెడలు కలిపి పరుగెత్తాయి. మొదటి అర మైలు 46.2 సెకన్లలో, ఆరు ఫర్లాంగులు 1 నిమిషం 9.8 సెకన్లలో ముగిశాయి. ఆరు ఫర్లాంగులతోనే ముగిసే పందేనికి కూడా గౌరవం తెచ్చే కాలం అది. అక్కడికి మైలున్నరలో సగం దూరమే అయింది. మిగిలిన మూడు గుర్రాలు చాలా వెనుక పడిపోయాయి. ఆరు ఫర్లాంగులు దాటిన తరువాత షామ్ ఇక నిలువలేకపోయింది. గుర్రంలో సత్తువ అయిపోయిందని గ్రహించిన పింకే దాన్ని కొట్టి తోలకుండా వదిలేశాడు. అతడు చేసిన ఆ పనికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. షామ్ నలభై లెంగ్త్‌లకు పైగా వెనుక, చిట్టచివర వచ్చింది. సెక్రటేరియట్ ఒంటరిగా సాగిపోయి 2 నిమిషాల 24 సెకన్లలో, 31 లెంగ్త్‌ల తేడాతో గెలిచి, 1948లో సైటేషన్ తరువాత పాతికేళ్ళకు ట్రిపుల్ క్రౌన్ సాధించింది.

రెండో స్థానం దక్కేదా అని అడిగారు. ఆ రోజు రెండో స్థానంలో వచ్చిన ట్వైస్ ఎ ప్రిన్స్‌నూ, మూడో స్థానంలో వచ్చిన మై గ్యాలంట్‌నూ షామ్ డెర్బీలో సునాయాసంగా ఓడించింది. కనుక పింకే దాన్ని వెనుక దాచి ఉంచి, రెండో బహుమతి కోసం నడిపించి ఉంటే అది దక్కి ఉండేదని నా నమ్మకం. కాని అలా చేసి ఉంటే ఆ పందెంలో సెక్రటేరియట్‌ను సవాలు చేసిన గుర్రం ఒక్కటీ ఉండేది కాదు. అప్పటికి రెండుసార్లు ఓడిన యజమాని, ట్రైనర్ మూడోసారి గెలుపు కోసమే దింపారు. ఆ పద్ధతి ఫలించలేదు. అయినా సెక్రటేరియట్ నెలకొల్పిన ఆ కాలం వెనుక మొదటి ఆరు ఫర్లాంగులు దాని భుజానికి భుజం ఆనించి పరుగెత్తిన షామ్ పాత్ర ఉందని నేను గట్టిగా నమ్ముతాను. నెమ్మదిగా మొదలైన పందెంలో అలాంటి కాలం రాదు. ఆ 31 లెంగ్త్‌ల ఛాయాచిత్రంలో షామ్ కనిపించకపోవచ్చు గాని, ఆ పరుగును రగిలించినది అదే.

కాలు విషయం. షామ్‌కు ఎముక చిట్లినట్టు బయటపడినది జూలైలో, బెల్మాంట్ జరిగిన కొన్ని వారాల తరువాత. ముందుకాలి మోకాలి కింద ఉండే పొడవాటి ఎముకలో వెంట్రుకవాసి పగులు కనిపించింది. శస్త్రచికిత్స చేసి మరలు బిగించి ఎముకను నిలిపారు. ప్రాణానికి ముప్పు తప్పింది గాని పందేల జీవితం ముగిసింది. ఆ పగులుకు బెల్మాంట్ పరుగే కారణమని చెప్పడానికి ఆధారం లేదు. మీకు నేను చెప్పనవసరం లేదు, మూడేళ్ళ గుర్రం ఎముకలు ఇంకా గట్టిపడుతున్న వయసులోనే ఐదు వారాల వ్యవధిలో మూడు పెద్ద పందేలు పరుగెత్తడం వాటికి ఎంత భారమో.

మొత్తం 13 పందేలలో షామ్ ఐదు గెలిచింది, ఐదింటిలో రెండో స్థానం పొందింది. సంపాదించినది 2,04,808 డాలర్లు. సోమర్ దాన్ని కొన్న ధరకు ఇంచుమించు సమానం. సెక్రటేరియట్‌కు 1974లోనూ, పింకేకు 1975లోనూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది. మార్టిన్ సంగతి పైన చెప్పాను. ఆ మూడు పందేలలో ముఖ్యులైనవారిలో అక్కడ పేరు లేనిది షామ్‌కే. పెద్ద పందేల గెలుపుల లెక్క ప్రకారం చూస్తే ఆ నిర్ణయం నిబంధనలకు తగినదే కావచ్చు. నాకు మాత్రం అది లోటుగానే తోస్తుంది.

తరువాతి జీవితం కెంటకీలోనే, మొదట స్పెండ్‌థ్రిఫ్ట్ ఫార్మ్‌లో, సంతానోత్పత్తికి ఉంచిన గుర్రంగా గడిచింది. పరుగులు మానిన సెక్రటేరియట్‌ను తీసుకువెళ్ళి ఉంచినది మాత్రం క్లైబోర్న్‌లో, అంటే షామ్ పుట్టిన చోట. 1989 అక్టోబరు 4న అక్కడే చనిపోగా అక్కడే పాతిపెట్టారు. షామ్ 1993 ఏప్రిల్ 3న, ఇంకో ఆరు రోజులలో ఇరవై మూడేళ్ళు నిండుతాయనగా మరణించింది.

రెండు గుర్రాల కళేబరాలనూ పరీక్షించిన పశువైద్యుడు థామస్ స్వెర్‌చెక్. పందెపు గుర్రం గుండె సాధారణంగా ఎనిమిది, తొమ్మిది పౌన్ల బరువు, అంటే సుమారు నాలుగు కిలోలు ఉంటుంది. సెక్రటేరియట్ గుండె అంతకు రెండింతలకు పైగా ఉందని, ఏ జబ్బూ లేకుండా సహజంగానే అంత పెద్దదని ఆయన గమనించాడు, కాని ఆ రోజు తూచలేదు. నాలుగేళ్ళ తరువాత షామ్ గుండెను చేతిలోకి తీసుకుని అది కూడా అలాంటిదేనని గుర్తించి తూచగా 18 పౌన్లు, అంటే ఎనిమిది కిలోల పైచిలుకు తూగింది. దానితో పోల్చి చూసుకుని సెక్రటేరియట్ గుండె 22 పౌన్లు ఉండి ఉంటుందని ఆయన చెప్పాడు. డెర్బీలో షామ్ కాలం సెక్రటేరియట్ కాలాన్ని బట్టి వేసిన అంచనా అయితే, సెక్రటేరియట్ గుండె బరువు షామ్ గుండెను బట్టి వేసిన అంచనా.